అసైన్‌మెంట్ గడువు దాటింది... దొంగ సర్టిఫికెట్ తెచ్చుకోమంటారా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బరంపురంలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతున్నాను. వయసు 22. రెండు అసైన్‌మెంట్ల గడువు దాటిపోయింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తే చాలు, గుండె దడ, కడుపులో తిప్పుతుంది. తెల్లవారుజాము మూడింటి దాకా నిద్ర పట్టదు. సార్‌ను గడువు అడగడానికి మొహం చెల్లడం లేదు. డబ్బులిస్తే పాత తేదీ వేసి ‘వైరల్ ఫీవర్’ అని సర్టిఫికెట్ రాసిచ్చే చోటు ఉందని స్నేహితురాలు అంటోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. ఉన్న బాధను దాచిపెట్టి లేని జ్వరానికి కాగితం ఎందుకు? తప్పుడు సర్టిఫికెట్ ఇవ్వడం వైద్య మండలి నిబంధనల ప్రకారం డాక్టరు వృత్తిపరంగా చేసే తప్పు. పట్టుబడితే ఆయన మాట అటుంచి, ముందు మీ మీద నమ్మకం పోతుంది.

మీరు రాసినవి ఆందోళన లక్షణాల్లాగే ఉన్నాయి. డాక్టరు పరీక్షించి అవసరమనుకుంటే వాటికే సర్టిఫికెట్ ఇస్తారు. ‘చికిత్సలో ఉన్నారు, ఫలానా తేదీ వరకు విశ్రాంతి అవసరం’ అని రాస్తే సరిపోతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది కాబట్టి జబ్బు పేరు అందరికీ తెలుస్తుందన్న భయం అక్కర్లేదు.

బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాలు కొద్దిరోజుల గడువుకు డాక్టరు కాగితం కూడా అడగవు, విద్యార్థి రాసిచ్చిన మాటే చాలు. మన దగ్గర ఎక్కువగా అది పాఠం చెప్పే మాస్టారి దయ మీద నడుస్తుంది. అది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. అయితే దారులు అసలే లేకపోలేదు. ప్రతి విద్యాసంస్థలో ఒత్తిడిలో ఉన్న విద్యార్థులకు సాయపడే విద్యార్థి సేవా కేంద్రం ఉండాలని 2023లో యూజీసీ మార్గదర్శకాలు చెప్పాయి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో వచ్చిన తీర్పు అది. మీ విభాగంలో కౌన్సెలర్ ఎవరో అడగండి.

ఇక గడువు సంగతి. గడువు పెరగ్గానే ఆ సాయంత్రానికి ప్రాణం కుదుటపడుతుంది. తర్వాత ఫైలు తెరవకుండా తప్పించుకున్న ప్రతి రోజూ భయం మరింత పెరుగుతుంది. అందుకే నెల రోజులు అడగవద్దు. మొదటిదానికి నాలుగు రోజులు, రెండోదానికి మరో వారం అడగండి. ‘సార్, నిద్రలేమితో బాధపడుతున్నాను. రాసినంత వరకు జత చేశాను. మిగిలింది శుక్రవారం ఇస్తాను’ అంటే చాలు. క్షమాపణలు పేజీల కొద్దీ రాయనక్కర్లేదు. అర పేజీ రాసినా సరే, జత చేయండి. చేతిలో ఏదో ఉందని ఆయనకూ తెలుస్తుంది.

మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ మానేయండి. తాగినదాంట్లోని కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఎంత ఆలస్యంగా పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవండి. రక్తహీనత, థైరాయిడ్ సమస్యల్లోనూ గుండె దడ వస్తుంది కాబట్టి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకోండి. అవి మామూలుగా ఉండి, రెండు వారాలకూ దడ, నిద్రలేమి తగ్గకపోతే బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లండి.

బతకాలని లేదనే ఆలోచన వస్తే మాత్రం ఓపీ దాకా ఆగవద్దు. గదిలో ఒంటరిగా ఉండకుండా వెంటనే స్నేహితురాలికో వార్డెన్‌కో చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ‘టెలీ మానస్’కు 14416 నంబరులో ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.