బండయ్య ఎక్కడ కాలు పెడతాడు?

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మాయీ,

బండయ్య మీద పిల్లల కార్టూను సీరియల్‌కి నువ్వు రాసిన మూడు ఎపిసోడ్లూ చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "మొహమాటం లేకుండా చెప్పండి బాబాయ్" అని రాశావు. గుంటూరు బ్రాడీపేటలో ఒకే గదిలో ఉండి చదువుకున్న రోజుల నుంచీ నాకు మొహమాటం ఎంతుందో మీ నాన్నని అడుగు, చెబుతాడు.

బండయ్య నాకు నచ్చాడు. 50 అడుగుల ఇనప మనిషి, రోబో. ఆటోనగర్‌లో పాత ఇనుము కుప్పలోంచి లేచొచ్చాడు. ఎవరికి కష్టమొచ్చినా పరిగెత్తుకెళతాడు, వెళ్ళి ఇంకో నాలుగు పగలగొడతాడు. పేరు కూడా బాగుంది, పిల్లలు ఒక్కసారి వింటే మర్చిపోరు. నాకు నచ్చనిది వాడు కాదు, వాడిని నువ్వు చూస్తున్న చూపు. మొదటి ఎపిసోడ్‌లో ఆరుచోట్ల ఇలా ఉంది: "బండయ్య ధడేల్మని పడతాడు. అందరూ నవ్వుతారు." ఆ రెండో వాక్యం ఆరుచోట్లా కొట్టేశాను. తెర మీద జనం ముందే నవ్వేస్తే ఇంట్లో కూర్చున్న పిల్లలకి ఏం మిగిలింది?

మన తోలుబొమ్మలాటవాళ్ళకి ఈ చిక్కు లేదు. హనుమంతుడు హనుమంతుడే. నవ్వించడానికి జుట్టుపోలిగాడూ బంగారక్కా వేరే ఉన్నారు. వాళ్ళొచ్చి నాలుగు మాటలు అనుకుని, తన్నుకుని వెళ్ళిపోతే మళ్ళీ కథ మొదలు. నువ్వేమో హనుమంతుడినీ పోలిగాడినీ కలిపి ఒక్క బొమ్మగా కుట్టావు. ధైర్యమే. కాకపోతే సగం పేజీ వీడు తింగరివాడు, సగం పేజీ వీరుడు. కుట్టు కనబడుతోంది. అది కనబడకూడదంటే, వాడి తడబాటు వాడి మంచితనంలోంచే పుట్టాలి. జాగ్రత్త లేక పడేవాడు కాదు, జాగ్రత్త ఎక్కువై పడేవాడు.

ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది కదా, అప్పుడు మా చెల్లెలు అక్కడ మొదటి అంతస్తులో ఇరుక్కుపోయింది. దాన్ని తీసుకురావడానికి వెళ్ళి, ట్రాక్టరు మీద నిలబడి చూస్తున్నాను. పక్కింటి మామ్మ కోసం ఒక జేసీబీ వచ్చింది. నడిపేవాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. బకెట్‌ని బాల్కనీ దాకా లేపాడు. ఇంకో జానెడు దగ్గరికి తెద్దామని చూశాడు. బకెట్ అంచు పిట్టగోడకి తగిలి ఇటుకలు రాలాయి, వాటితోపాటు తులసి కుండీ నీళ్ళలో పడింది. కుర్రాడి మొహం పాలిపోయింది. లివర్లు వదిలేసి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "తప్పయిపోయింది మామ్మా!" బకెట్ ఒక్క కుదుపు కుదిపింది. మామ్మ ఒక చేత్తో కుక్కరూ, ఇంకో చేత్తో ఆధార్ కార్డులున్న ప్లాస్టిక్ కవరూ పట్టుకుని అరిచింది: "కుండీ పోతే పోయింది గానీ, ముందు ఆ లివరు మీద చెయ్యి పెట్టరా నాయనా!"

ఆ నీళ్ళ మధ్య అందరం నవ్వాం. మామ్మ కూడా. తర్వాత వాడు ఆమెని దించిన తీరు చూడాలి. పాలగిన్నె దించినట్టు దించాడు.

వాడు దణ్ణం పెట్టకపోతే ఆ కుదుపు లేదు. క్షమాపణే ప్రమాదమైంది. నీ బండయ్య వాడే. రెండో ఎపిసోడ్‌లో బీసెంట్ రోడ్డులో వాడు ఊరికే కాలు జారి హోర్డింగు మీద పడతాడని రాశావు. అలా కాకుండా, కాలు దించబోయే చోట కుక్కపిల్ల నిద్రపోతోందనుకో. దించలేడు. దాన్ని లేపడానికి మనసొప్పదు. ఒంటికాలి మీద ఎంతసేపుంటాడు? పట్టుకోవడానికి హోర్డింగు తప్ప ఏమీ లేదు. హోర్డింగు ఊడింది. కుక్కపిల్ల లేవలేదు. ఇప్పుడు నవ్వు వస్తుంది, వాడి మీద ప్రేమా వస్తుంది, రెండూ ఒక్క షాట్‌లో.

ఇక బరువు సంగతి. నీ బండయ్య కాగితం మీద 50 అడుగులున్నాడు గానీ నడకలో ఐదడుగులే. చిన్న లెక్క చెబుతాను, భయపడకు. ఐదడుగుల మనిషిని అదే ఆకారంలో పది రెట్లు పెంచితే బరువు వెయ్యి రెట్లవుతుంది. పాదం వైశాల్యం మాత్రం వంద రెట్లే. అంటే వాడి కాలి కింద ప్రతి అంగుళం నేలా పది రెట్లు మోస్తోంది. మన ఊళ్ళో మురుగు కాలవల మీద పరిచే పలకలు అంత మోయవు. అలాగే ఐదడుగుల ఎత్తు నుంచి ఒక వస్తువు కింద పడటానికి అర సెకను పైచిలుకు పడితే, 50 అడుగుల నుంచి పడటానికి రమారమి ఒకటీ ముప్పావు సెకను పడుతుంది. సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు, అనుకుంటే, మనిషి తల ఎత్తు నుంచి జారిన గ్లాసు 13 ఫ్రేముల్లో నేల మీదుంటుంది, బండయ్య తల ఎత్తు నుంచి జారింది 42 ఫ్రేములు గాల్లోనే ఉంటుంది. ఆ మిగిలిన 29 ఫ్రేములూ నీ ఆస్తి. ఆలోపు వాడికి అది జారిందని తెలుస్తుంది, కింద ఎవరున్నారో చూస్తాడు, పట్టుకోబోతాడు, మోచెయ్యి ఇంకోదానికి తగులుతుంది. పెద్దవాడి తడబాటు నెమ్మదిగా జరుగుతుంది, జరుగుతోందని వాడికి తెలుస్తూ ఉంటుంది. నువ్వు "ధడేల్మని" అని రాస్తే ఆ 29 ఫ్రేములూ పారేసినట్టే.

బరువు చూపించాలంటే బరువున్నవాడిని కాదు, వాడి కింద ఉన్నవాటిని చూపించాలి. ఇది వాల్మీకికి తెలుసు. సుందరకాండ మొదటి సర్గ తీసి చదువు, మీ నాయనమ్మ దగ్గర ఉంటుంది. హనుమంతుడు సముద్రం మీదికి ఎగరడానికి ముందు మహేంద్రగిరిని కాళ్ళతో నొక్కుతాడు. చెట్ల పూలన్నీ రాలతాయి, కొండలోంచి నీళ్ళు చిమ్ముతాయి, పాములు కోపంతో రాళ్ళను కాటేస్తాయి. అక్కడ విందులో ఉన్న విద్యాధరులు గిన్నెలూ తినుబండారాలూ ఎక్కడివక్కడ వదిలేసి ఆకాశంలోకి లేస్తారు. హనుమంతుడి బరువు ఇంత అని ఆయన చెప్పలేదు. వదిలేసిన గిన్నెలు చూపించాడు.

కాబట్టి వాడిని ఊళ్ళో తిప్పేముందు నువ్వు ఒకసారి తిరుగు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ, ఈ మూడూ ఊరి మధ్యలోంచి పోతున్నాయి. మనకి వంతెనలున్నాయి. వాడికి ప్రతి వంతెనా గండమే, దాటాలంటే కాలవ మీదుగా అంగ వెయ్యాలి, అవతలి గట్టు మీద ఎవరో బట్టలు ఆరేసుకుని ఉంటారు. వాడిని ప్రకాశం బ్యారేజీ మీద పరిగెత్తించావు. పాపం, 1957లో కట్టింది, 70 గేట్లున్నాయి, దాని జోలికెళ్ళకు. దిగువన ఇసుకలో నడిపించు. కూరుకుపోతాడు. అక్కడ నీకు ఇసుకలో చెప్పులు ఇరుక్కుపోయినవాడి హాస్యం దొరుకుతుంది.

ఇప్పుడు అసలు తగువు. రెండో ఎపిసోడ్‌లో వాడు చెరుకురసం బండి తొక్కేస్తాడు. బండి అప్పడమైపోతుంది. బండాయన తల పట్టుకుంటాడు, కట్ చేస్తే బండయ్య దొంగలని పట్టుకుంటున్నాడు. చెరుకురసం ఆయన మళ్ళీ రాలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక కార్టూను సీరియల్‌కి రాశాను. అందులో ఏనుగు పరిగెడుతూ పల్లీల బండిని గుద్దేస్తుంది. మేం రాసేవాళ్ళమంతా పడీపడీ నవ్వుకున్న సీను. అది టీవీలో వచ్చిన రోజు మా అన్నయ్య మనవరాలు నా ఒళ్ళో కూర్చుని చూసింది. ఆరేళ్ళది. నవ్వలేదు. కథ అయిపోయి, పాట కూడా అయిపోయాక, "తాతయ్యా, పల్లీలాయనకి డబ్బులిచ్చారా?" అంది. ఇచ్చారమ్మా అన్నాను. "ఎప్పుడిచ్చారు? నేను చూళ్ళేదే" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ సీరియల్‌కి వచ్చిన చెక్కు కూడా ఆలస్యంగానే వచ్చింది, అది వేరే కథ.

వాడు పగలగొట్టిందంతా పగిలే ఉండాలి. నువ్వు ఒక చీటీ పెట్టుకో, ఏ ఎపిసోడ్‌లో ఎవరిది ఏం పోయిందో రాసుకో. మూడో ఎపిసోడ్‌లో చెరుకు గడలని బండయ్యే పిండుతూ కనిపించొచ్చు. చేతులతో. గ్లాసులోకి పొయ్యడం రాక ఆయన్ని తడిపేస్తూ. అప్పు తీర్చడంలో కొత్త అప్పు. సీరియల్ అంటే అదే కదా, నీకు ఇక కథలు వెతుక్కునే పని ఉండదు.

మూడో ఎపిసోడ్ ముగింపు తీసెయ్. ఇంజనీరు కొత్త చిప్ పెట్టగానే బండయ్య తడబాటు మాయమై, అందరూ చప్పట్లు కొట్టడం నాకు మింగుడుపడలేదు. రోబో అన్న మాట 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత రాసిన నాటకంలోంచి వచ్చింది. మాట అందించింది ఆయన అన్న జోసెఫ్. వాళ్ళ భాషలో రోబోతా అంటే బలవంతపు చాకిరీ, మన వెట్టి. తప్పు చెయ్యకుండా చెప్పింది చేసుకుపోయేవాడు వెట్టివాడు. కుక్కపిల్ల కోసం ఒంటికాలి మీద నిలబడమని ఎవరూ చెప్పలేదు, అది బండయ్య సొంతం. చిప్ పెట్టి దాన్నే పీకేశావు.

మాటల గురించి కొంచెం. "నేను. మీకు. సహాయం. చేయగలను." ఇలా ముక్కలు ముక్కలుగా మాట్లాడే రోబోల్ని డబ్బింగ్ కార్టూన్లలో చూసీచూసీ విసుగొచ్చింది. వాడు తెలుగు ఎక్కడ నేర్చుకున్నాడో ముందు తేల్చుకో. ఆటోనగర్‌లో నేర్చుకుంటే పిల్లల చానెల్‌లో వెయ్యరు. నన్నడిగితే రైల్వే స్టేషన్‌లో నేర్చుకున్నాడంటాను. కుప్పలో పడున్నన్నాళ్ళూ గాలివాటున మైకు వినబడేది. అందుకే ఏం చెప్పాలన్నా "దయచేసి వినండి" అని మొదలెడతాడు. చెయ్యి జారి గోడ కూలుతోంటే కూడా, "దయచేసి వినండి, గోడ మరికొద్ది సేపట్లో రానున్నది." పెద్దా చిన్నా తేడా తెలియదు కాబట్టి అందరినీ గారూ అంటాడు. మేక గారూ, ఆటో గారూ, దొంగ గారూ. మన ఊళ్ళో ఏరా ఒరే లేకుండా మాట్లాడేవాడు ఎంత వింతగా ఉంటాడో నీకు తెలుసు.

ఒళ్ళు గురించి కూడా ఆలోచించు. తెనాలిలో పాత ఇనుముతో చేసే విగ్రహాలు చూశావుగా, దూరం నుంచి మనిషి, దగ్గరికెళితే బోల్టులూ గేర్లూ చెయిన్లూ. బండయ్య మోకాలు ఏ పాత బస్సు తలుపో అయుంటుంది. వంగినప్పుడల్లా "రైట్, రైట్" అనాలనిపిస్తుంది వాడికి.

ఖర్చు విషయం మీ డైరెక్టరు చెబుతాడు, నేను ఒక్క మాటే చెబుతాను. నేను మొదట్లో ఒక స్క్రిప్టులో "ఊరంతా పరిగెత్తింది" అని రాశాను. స్టూడియో నుంచి ఫోను: "ఊరంతా అంటే ఎంతమందండీ?" ప్రతి మనిషినీ ఎవరో కూర్చుని కదిలించాలి. నీ మొదటి పేజీలోనే పుష్కరాల జనం, కృష్ణలో అలలు, తడిసిన చీరలు ఉన్నాయి. జనం, నీళ్ళు, బట్టలు, ఈ మూడింటికీ పని ఎక్కువ. ఒక పిల్లా, ఒక బక్కెట్టూ, వాడి బొటనవేలూ చాలు.

చివరి యుద్ధంలో బండయ్య ఎలా పడాలో తెలియట్లేదని రాశావు. ఘటోత్కచుణ్ణి గుర్తుతెచ్చుకో. కర్ణుడు వేసిన శక్తి ఆయుధం గుండెల్లో దిగాక, ప్రాణం పోతూ ఒళ్ళు పెంచి, కౌరవసేన మీదికే పడ్డాడు, ఒక అక్షౌహిణి నలిగిపోయింది. పడేటప్పుడు కూడా ఎటు పడాలో చూసుకున్నాడన్నమాట. బండయ్యా చూసుకుంటాడు. కాకపోతే వాడు వెతికేది ఎవరూ లేని చోటు. మన విజయవాడలో సాయంత్రం ఆరింటికి, 50 అడుగుల పొడుగున, ఎవరూ లేని చోటు! పడిపోతూనే ఎంతసేపు వెతుకుతాడో రాయి. కావాలంటే ఒకటీ ముప్పావు సెకనుని రెండు నిమిషాలు సాగదియ్యి, ఆ ఒక్కచోట నేను లెక్కలు అడగను.

వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి రా. ఆటోనగర్ వెళ్దాం, లారీ బాడీలు కట్టేచోట క్రేన్లు ఎలా ఆగుతాయో, ఆగాక గొలుసు ఎంతసేపు ఊగుతుందో చూద్దువు. కిందటిసారి మీ అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా ఖాళీ అయి నెలైంది, తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు చెరుకురసం ఆయనకి ఒక పేరు పెట్టుకుని రా, ఆయనకి ఎంతమంది పిల్లలో కూడా.

ఉంటాను,
మీ బాబాయ్