బుజ్జమ్మకు, హీటర్ విప్పే ముందు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు మోటార్‌హోమ్‌లో వాటర్ హీటర్ తనే మార్చుకుంటుందట. మెకానిక్‌ని పిలవమంటే వినదు. అన్నీ నీ పోలికలే" అని దెప్పాడు. ఫోన్ పెట్టేసి కాసేపు మురిసిపోయాను. లైటు ఆర్పాక మాత్రం నిద్ర పట్టలేదు. నోటితో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూనే స్క్రూలు విప్పేస్తుంటావు. అందుకే రాస్తున్నాను. పని చేసేటప్పుడు పక్కన పెట్టుకో. గ్రీజు అంటితే అంటింది.

మీ మామయ్యా నేనూ అలాంటి ఇల్లులాంటి బండిలో 14 ఏళ్లు తిరిగాం. స్టీరింగ్ ఆయనది, పానాలు నావి. ఆ 14 ఏళ్లలో మూడు హీటర్లు మార్చాను. మొదటిదానికి రెండు రోజులు పట్టింది, మూడోది మధ్యాహ్నం భోజనాల లోపే అయిపోయింది. నీకు చేతకాదని నాకు భయం లేదు. అంతా బాగా చేసి, చివర్లో ఏదో చిన్నదానికి విసుగుపడి అడ్డదారి తొక్కుతావేమోనని భయం. ఆ గుణం నీకు నా దగ్గర్నుంచే వచ్చింది.

కొనే ముందు పాతదాని మోడల్ నంబరు ఫోటో తీసుకో, బండి గోడలోని కన్నం పొడవు, వెడల్పు, లోతు మూడూ కొలువు. ఏ లోహంతో చేసిన ట్యాంకో కూడా తెలుసుకో. సబర్బన్ కంపెనీ వాళ్ల ట్యాంకు ఉక్కుది, లోపల పింగాణీ పూత ఉంటుంది. దానికి ఆనోడ్ రాడ్ ఉండాలి. అట్‌వుడ్ వాళ్లది అల్యూమినియం, దానికి ఆ రాడ్ పని లేదు, ప్లాస్టిక్ బిరడా చాలు. రాడ్ పని ఏంటంటే ట్యాంకు బదులు తాను తుప్పుకు తినబడడం. కొత్తగా ఉన్నప్పుడు బొటనవేలంత లావుంటుంది. మూడేళ్లు పట్టించుకోకుండా తీస్తే చెదలు తిన్న పుల్లలా గుంటలు పడి, మధ్యలో తీగ కనిపిస్తూ వస్తుంది. నీ పాత హీటర్ కారుతోందన్నావట. బిరడా విప్పినప్పుడు ఆ రాడ్ ఏ స్థితిలో ఉందో చూడు, ఎందుకు కారిందో అదే చెబుతుంది. ఏడాదికోసారి విప్పి చూడమని నీకు ఎన్నిసార్లు చెప్పానే? నాలుగింట మూడు వంతులు అరిగిపోతే మార్చేయాలి, అంతే. అది కూడా చేయనిదానివి ఇప్పుడు హీటర్ మొత్తం మారుస్తానంటున్నావు. సరేలే.

విప్పడం సులువు. సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టెయ్, బయటి కరెంటు ప్లగ్గు పీకెయ్, బ్యాటరీ వైరు తీసెయ్, పంపు ఆపెయ్. నీళ్లు చల్లారేదాకా ఆగు. వేడి నీళ్ల కుళాయి తెరిచి ఒత్తిడి పోనిచ్చి, తర్వాతే కింది బిరడా తిప్పు, అదీ పక్కన నిలబడి. 6 గ్యాలన్ల ట్యాంకంటే దాదాపు 23 లీటర్లు, అంటే 23 కిలోల బరువు. పూర్తిగా ఖాళీ చేశాకే లాగు. వైర్లు ఎక్కడివక్కడ ఫోటో తీయకుండా ఒక్కటి కూడా ఊడదీయకు.

గ్యాస్ సంగతి. ఆ గొట్టం బిగించడం చాలాచోట్ల లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. అలాంటి చోట ఆ ఒక్క జాయింటూ వాళ్లకే వదిలెయ్, పరువు పోయేదేమీ లేదు. మూడోసారి నేనూ అదే చేశాను. వాళ్లు చేస్తున్నప్పుడు పక్కనే ఉండి చూడు. గంటలా విచ్చుకున్న మూతి ఉన్న రాగి గొట్టానికి టేపు చుట్టకూడదు, లోహం మీద లోహం కూర్చుంటేనే అది పట్టుకుంటుంది. ఒక పానాతో పట్టుకుని ఇంకో పానాతో తిప్పాలి, లేకపోతే గొట్టం మెలిపడుతుంది. తర్వాత సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. నిలబడి ముక్కుపుటాలు ఎగరేస్తే వాసన తెలియకపోవచ్చు.

ఇక అసలు సంగతి. దీన్ని రెండుసార్లు చదువు.

మొదటి హీటర్ పెట్టిన నాలుగో రోజు రాత్రి ఒక చప్పుడు మొదలైంది. టప్. కాసేపాగి మళ్లీ టప్. టార్చి పట్టుకుని బయటికెళ్లి చూస్తే, ట్యాంకు పై భాగంలో చిన్న మీట ఉన్న వాల్వు మూతి నుంచి చుక్కలు పడుతున్నాయి. కింద రేకు మీద పడి ఆ చప్పుడు. మర్నాడు కొత్త వాల్వు తెచ్చి బిగించాను. అదీ కారింది. మీ మామయ్య గుర్రు పెట్టి నిద్రపోతున్నారు, నాకేమో ఆ చుక్కలు లెక్కపెడుతూ తెల్లారిపోతోంది. నా చేత్తో పెట్టింది కారడమేంటని ఒళ్లు మండిపోయింది. పనిముట్ల డబ్బాలో ఒక ఇత్తడి బిరడా కనిపించింది. వాల్వు మూతి లోపలి మరలో అది ఎంత చక్కగా కూర్చుందో, దేవుడే పంపాడనుకున్నాను. గట్టిగా బిగించాను. చప్పుడు ఆగింది. మూడు వారాలు హాయిగా నిద్రపోయాను.

ఆ చుక్క నాతో ఏం చెబుతోందో ఆలోచించలేదు. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. 23 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వెళ్తే 300 మిల్లీలీటర్లకు పైనే పెరుగుతాయి, అంటే ఒక పెద్ద గ్లాసుడు. కుళాయిలన్నీ కట్టేసి ఉంటే ఆ గ్లాసుడు ఎక్కడికి పోవాలి? ట్యాంకు పైన కాస్త గాలి ఉంటే అది నలిగి చోటిస్తుంది. నేను గాలి అనేదే లేకుండా నింపేశాను. అందుకే వాల్వు కొంచెం కొంచెంగా వదులుతోంది. అది చెడిపోలేదు, దాని పని అది చేసుకుంటోంది. సాధారణంగా ఆ వాల్వు 150 పీఎస్ఐ ఒత్తిడి దాటినా, 99 డిగ్రీల వేడి దాటినా తెరుచుకునేలా ఉంటుంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మొరాయించి, వేడి మితిమీరితే హీటర్‌ని ఆపే కట్-ఆఫ్ కూడా చేతులెత్తేస్తే ట్యాంకు పేలకుండా కాచేది ఆ ఒక్కటే. అలాంటి కాపలావాడి నోట్లో గుడ్డలు కుక్కి, నేను నిద్రపోయాను.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి చల్లటి నీళ్లు నింపి, హీటర్ వేసి, వంటగట్టు దగ్గర ఏదో సర్దుకుంటున్నాను. మీ మామయ్య మంచినీళ్ల కోసం వచ్చి సింకు ముందు నిలబడ్డారు. కింద అరలో ఫట్‌మంది. తలుపు దానంతటదే తెరుచుకుంది. ప్లాస్టిక్ జాయింటు ఊడి వేడి నీళ్లు ఆయన ఎడమ పాదం మీదికి చిమ్మాయి. ఒత్తిడి తగ్గిందని పంపు తనంతట తాను మొదలై ఇంకా ఇంకా తోస్తోంది. పంపు స్విచ్చి ఎక్కడుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు, ఆ క్షణం మాత్రం చేయి గోడంతా తడిమింది. 60 డిగ్రీల నీళ్లకు అయిదారు సెకన్లు చాలు, చర్మం లోతుగా కాలిపోతుంది. పసిపిల్లలకు అంత కూడా పట్టదు. చల్లటి నీళ్ల కింద ఆయన పాదం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఊడింది జాయింటు కాబట్టి పాదంతో పోయింది. ట్యాంకే అయ్యుంటే ఏమయ్యేదో ఈ కాగితం మీద రాయను.

ఆయన నిద్రపోయాక బయటికెళ్లి ఆ బిరడా తీసేశాను. జాయింటు నాసిరకం అని చెప్పాను. ఎనిమిది నెలల దాకా నిజం చెప్పలేకపోయాను. చెప్పిన రోజు ఆయన అన్న మాట ఇది: "ఆ చప్పుడు ఎందుకు ఆగిందా అని నాకూ అనిపించింది. నువ్వు నిద్రపోతున్నావు కదా అని అడగలేదు." ఇద్దరం ఇద్దరమే.

కాబట్టి వాల్వు కారితే ఏం చేయాలో విను. వేడెక్కేటప్పుడు మాత్రమే కారితే పైన గాలి లేదని అర్థం. హీటర్ ఆపి నీళ్లు పూర్తిగా చల్లారనివ్వు. పంపు ఆపు, బయటి నుంచి నీళ్లు వస్తుంటే ఆ గొట్టమూ కట్టెయ్. లోపల వేడి నీళ్ల కుళాయి ఒకటి తెరువు. వాల్వు మీట ఎత్తి, నీళ్లు రావడం ఆగేదాకా ఉంచి, టక్కున వదిలెయ్. కుళాయి కట్టేసి మళ్లీ పంపు వెయ్. పైన గాలి నిలుస్తుంది. కొన్నాళ్లకు ఆ గాలి నీళ్లలో కలిసిపోతుంది, అప్పుడు మళ్లీ ఇదే పని. చల్లగా ఉన్నప్పుడూ కారితే లోపల సున్నం పేరుకుని ఉంటుంది, మీట నాలుగైదు సార్లు ఎత్తి వదులు, అప్పటికీ ఆగకపోతే కొత్త వాల్వు వెయ్. ఆవిరితో ధారగా వస్తే మాత్రం హీటర్ ఆపేసి దూరంగా జరుగు, తప్పు థర్మోస్టాట్‌ది కావచ్చు. బిరడా మాట మాత్రం ఎత్తకు. ఎత్తావని తెలిస్తే నేనే బయల్దేరి వస్తాను.

ఇంకో భయం కూడా ఉంది, అది కంటికి కనిపించదు. హీటర్ మంట బండి బయటివైపే మండాలి, దాని పొగ బయటికే పోవాలి. అందుకే చుట్టూ ఉన్న అంచు కింద బ్యూటైల్ టేపు, అదే సందులు మూసే జిగురు పట్టీ, ఎక్కడా తెగకుండా పరచాలి. పాత జిగురు చివరి ముక్క దాకా గోకు. స్క్రూ బిగుసుకోకుండా గిర్రున తిరిగితే లోపల చెక్క కుళ్లిందని, ముందు చెక్క బాగు చేయించు. గొట్టాలు, వైర్లు లోపలికి వచ్చే కన్నాలు కూడా మూసెయ్. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. దాని అలారం మీద బటన్ నొక్కి అరుస్తోందో లేదో ఆ రోజే చూడు. బండి చాలాకాలం కదలకుండా ఉంటే బర్నర్ గొట్టంలో సాలీళ్లు గూడు కడతాయి, అది కూడా చూసుకో.

నీళ్లను ట్యాంకులోకి పోనీకుండా పక్కదారి పట్టించే బైపాస్ వాల్వు తెరిచి ఉందని మర్చిపోయి కరెంటు ఎలిమెంట్ వేసి కాల్చేసుకోవడం అందరికీ ఒకసారి అయ్యే ముచ్చటే. నాకూ అయింది. నీళ్లు లేని ట్యాంకులో ఎలిమెంట్ నిమిషం కూడా బతకదు.

మీ మామయ్య పక్కనుంచి చూస్తూ, "నా పాదం కథ రాశావా?" అని అడుగుతున్నారు. రాశానన్నాను. ఎడమది అని సరిగ్గా రాశావా అంటున్నారు. ఆయనకు అది పతకంలా ఉంది. నీకు ఎనిమిదేళ్లప్పుడు ఆ మచ్చ మీద వేలు పెట్టి ఇది ఏ దేశం పటమని అడిగావు, గుర్తుందా?

27 మిల్లీమీటర్ల సాకెట్ పానా పార్సిల్‌లో పంపుతున్నాను. ఆనోడ్ రాడ్‌కి సరిపోతుంది. పిడి మీద పాత టేపు చుట్టి ఉంటుంది, తీయకు, చేయి జారదు.

అంతా బిగించాక, గ్యాస్ గానీ కరెంటు గానీ వేయకముందు నాకు ఫోన్ చెయ్. వేడి నీళ్ల కుళాయి తెరిచి ఫోన్ దాని దగ్గర పెట్టు. ముందు బుసబుసమంటూ గాలి, నీళ్లు కలిసి కక్కుతుంది. ఆ చప్పుడు ఆగి ధార సన్నగా, ఒకే తీరున పడేదాకా ఇద్దరం విందాం. నేను సరే అన్నాకే స్విచ్చి వెయ్.

మీ అత్త