సర్టిఫికెట్ అద్దెకివ్వాలా, సొంత మెడికల్ షాపు పెట్టాలా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కొడుమూరు. వయసు 28. బీఫార్మసీ చేసి నాలుగేళ్లుగా కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర ఒక మెడికల్ షాపులో పనిచేస్తున్నా. జీతం 18,000. నేను దాచుకున్నవి 2 లక్షలు, నాన్న ప్లాటు అమ్మి ఇస్తానన్నవి 4 లక్షలు. సొంత షాపు పెట్టాలని ఆశ. ఎమ్మిగనూరులో ఒకాయన నా సర్టిఫికెట్ తన షాపులో పెట్టుకుని నెలకు 6,000 ఇస్తానంటున్నాడు, నేను వెళ్లక్కర్లేదట. ఉన్న 6 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తిప్పితే ఇంకో 12,000. జీతంతో కలిపి 36,000 వస్తుంటే షాపు దేనికంటాడు మా బావ. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావగారి కూడికలో తప్పు లేదు. కాకపోతే ఆ 36,000లో సగం ఏ రోజైనా ఆగిపోయే డబ్బు.

ముందు సర్టిఫికెట్ సంగతి. డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు, నిద్రమాత్రలు షెడ్యూల్ హెచ్1 కింద, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఉంటాయి. వాటికి విడిగా రిజిస్టరు రాసి మూడేళ్లు ఉంచాలని మీకు తెలిసిందే. ఎమ్మిగనూరులో ఎవరో కుర్రాడు చీటీ లేకుండా నిద్రమాత్రలు అమ్మితే, సమాధానం చెప్పాల్సిన వాళ్లలో గోడ మీద పేరున్న మీరూ ఉంటారు. ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టరులోంచి పేరు తీసేస్తే మీ ఉద్యోగమూ పోతుంది, సొంత షాపు ఆశా పోతుంది. నెలకు 6,000 కోసం ఇంత పణం పెట్టకండి. చాలామంది చేస్తున్నారుగా అంటారు. చేస్తున్నారు, దొరికేదాకా.

రెండు రూపాయల వడ్డీ గురించి ఎక్కువ చెప్పను. నోటు రాయించుకున్నా, వానలు లేని ఏడాది అసలు ఎప్పుడొస్తుందో కొడుమూరులో పుట్టిన మీకు నేను చెప్పాలా?

ఇక షాపు లెక్క. కొడుమూరులో అద్దె, హెల్పరు జీతం, కరెంటు, చిల్లర ఖర్చులు కలిపి నెలకు 22,000 అనుకుందాం. మీ జీతం 20,000 కూడా ఖర్చులోనే రాయండి. చాలామంది ఇది రాయరు, గల్లాపెట్టెలోంచి తీసుకుని లాభం అనుకుంటారు. మొత్తం 42,000. ధరల నియంత్రణ కిందున్న మందుల మీద షాపువాడికి దక్కేది, షాపుకు పడే ధర మీద 16 శాతం. మిగతా వాటి మీద కాస్త ఎక్కువ. సగటున నూటికి 18 మిగులుతుందనుకుంటే రోజుకు సుమారు 7,800 అమ్మాలి. అదే ఎదుటి షాపు బోర్డు చూసి మీరూ 8 శాతం డిస్కౌంట్ పెడితే మిగిలేది 10. అప్పుడు రోజూ ఎమ్మార్పీ లెక్కన 14,000 సరుకు కదలాలి. పెద్దాసుపత్రి ఎదుట అద్దెలు, డిస్కౌంట్ల పోటీ రోజూ చూస్తున్నారు కాబట్టి అక్కడ పెట్టమని నేననను. తక్కువ ధరకు జెనరిక్ మందులు అమ్మే ప్రభుత్వ పథకం షాపు, జనఔషధి కేంద్రం ఆలోచన కూడా ఉంటే, అక్కడ 20 శాతం వస్తుంది గానీ మందు ధరే తక్కువ కాబట్టి 20 రూపాయల షీటు మీద చేతికొచ్చేది 4 లోపే.

6 లక్షలూ ర్యాకుల్లో పోయకండి. సరుకుకు 3 లక్షలు, అడ్వాన్సు, ర్యాకులు, ఫ్రిజ్, బిల్లింగ్ కంప్యూటరుకు లక్షన్నర. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఫ్రిజ్ దగ్గర పొదుపు పనికిరాదు. గది కనీసం 10 చదరపు మీటర్లుంటేనే లైసెన్సు వస్తుంది, అడ్వాన్సు ఇచ్చేముందు టేపుతో కొలవండి. మిగిలిన లక్షన్నర బ్యాంకులో పెట్టి తాకకండి, మీ జీతం కాక మిగతా ఆరు నెలల ఖర్చులకు అదే ఆధారం. ముద్ర లోను ఇప్పుడే వద్దు. ఏడాది బిల్లులు చేతిలో ఉన్నాక చూద్దాం.

మిమ్మల్ని ముంచేది అద్దె కాదు, అరువు. పత్తి డబ్బు రాగానే ఇస్తానన్న మామకు కాదనలేరు. డిస్ట్రిబ్యూటరు మాత్రం పత్తి దాకా ఆగడు, గడువు రోజుకు చెక్కు వేసేస్తాడు. అరువు మొత్తం 20,000 దాటకుండా గీత గీసుకోండి. కోసిన షీట్లు ఎక్స్‌పైరీ అయితే సాధారణంగా వెనక్కి తీసుకోరు, ఆ నష్టమూ మీదే.

ఇంకో మాట. ఇప్పుడున్న షాపు లైసెన్సులో మీ పేరుంటే, మానేసేటప్పుడు రాజీనామా కాపీ ఔషధ నియంత్రణ శాఖ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. లేకపోతే మీ సొంత షాపులో మందులు అమ్మడానికి కావాల్సిన ఫారం 20, 21 లైసెన్సులకు అదే అడ్డొస్తుంది.

ఉద్యోగం రేపే మానకండి. మూడు నెలలు కౌంటర్ దగ్గరే ఒక పని చేయండి. కొడుమూరు వైపు నుంచి వచ్చి బీపీ, షుగర్ మందులు నెలనెలా కొనేవాళ్లెందరో, బిల్లు ఎంతవుతోందో ఒక పుస్తకంలో రాయండి. నెలకు వెయ్యి రూపాయలు కొనే ఇళ్లు వంద దొరికితే మీకు కావాల్సిన అమ్మకంలో నలభై శాతం పైనే అయినట్టు. వంద దొరికే సూచన కనిపిస్తే నాన్నగారిని ప్లాటుకు బేరం చూడమనండి. ముప్పై దగ్గరే ఆగితే ప్లాటు అలాగే ఉండనివ్వండి.