ఎండల్లో చెట్ల మధ్య ఎలా గడపాలి?

మీ నాన్నగారు పదవీ విరమణ తర్వాత గది దాటడం లేదనీ, మాత్రలతో పాటు రోజూ పచ్చదనంలో కాసేపు గడపమని డాక్టరు రాశారనీ, కడప ఎండల్లో అది అయ్యే పనేనా అనీ అడిగారు. అవుతుంది. డాక్టరు మాట వరసకు చెప్పింది కాదది. ఇంగ్లండులో దాదాపు 20 వేల మంది సమాచారంతో 2019లో వెలువడిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవారే ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. ఒకేసారైనా, విడతలుగానైనా ఒకటే. అంటే ఆరు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున.

అయితే "నడకకు రండి" అని మాత్రం పిలవకండి. ఆ మాట వినగానే మా నాన్న దుప్పటి ముసుగేసేవారు. పని అప్పగించండి. నాలుగు కుండీల్లో మట్టి, మాగిన పేడ ఎరువు కలిపి తోటకూర విత్తనాలు చల్లమనండి. వారంలోపే మొలకలు కనిపిస్తాయి. నీళ్లు పోసే ముందు వేలు మట్టిలో గుచ్చి తడి చూడాలి. గోట్లో ఇరుక్కున్న మట్టిని నాకు చూపిస్తూ మా నాన్న నవ్వడం చాలా నెలల తర్వాత అదే మొదటిసారి.

తర్వాత తెల్లవారుజామున దేవుని కడప చెరువు గట్టుకు తీసుకెళ్లండి, ఫోను ఇంట్లో పెట్టి. కొంగలు లెక్కపెట్టినా చాలు.

మాత్రలు మాత్రం సొంతంగా ఆపనివ్వకండి. బతుకు మీద విరక్తి మాటలు వినిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.