రిపోర్టులన్నీ నార్మల్ అయితే సైకోసిస్ అని ఎలా చెబుతారు? డోపమైన్ టెస్టు చేయించాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంజనీరింగ్ చదివే మీ తమ్ముడికి హాస్టల్లో అనుమానాలు మొదలయ్యాయి, ఎవరూ లేకపోయినా మాటలు వినిపించాయి. డాక్టరుగారు ‘ఫస్ట్ ఎపిసోడ్ సైకోసిస్’ అని, అంటే లేనివి ఉన్నట్టు అనిపించే స్థితి మొదటిసారి వచ్చిందని మందు రాశారు. రక్తపరీక్షలు, ఎమ్మారై నార్మల్ వచ్చాయి కాబట్టి మందు ఆపేద్దామని మీ నాన్నగారు అంటున్నారు. ఈలోపు ఒక సెంటర్ వాళ్లు డోపమైన్ టెస్టు, బ్రెయిన్ మ్యాపింగ్ కలిపి ప్యాకేజీ ఉందన్నారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మందు ఆపకండి. ఆ ప్యాకేజీకి డబ్బు పెట్టకండి.

నేను డాక్టర్ని కాదు. మా చెల్లికి డిగ్రీ చివరి ఏడులో ఇదే వచ్చింది. మేముండేది హైదరాబాద్ ఉప్పల్‌లో. తనకు చెప్పే ఇదంతా రాస్తున్నాను. అప్పటి నుంచి డాక్టర్లను అడిగీ, చదివీ తెలుసుకున్నది ఇది.

చెల్లికి కూడా థైరాయిడ్, బీ12, షుగర్, లివర్, కిడ్నీ, హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేశారు. మూత్రంలో గంజాయి లాంటివి ఉన్నాయేమో చూశారు. ఎమ్మారై, మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ తీశారు. అన్నీ బాగున్నాయనగానే నాన్న ముఖం వెలిగిపోయింది. అప్పుడు డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పారు: ఈ పరీక్షలు సైకోసిస్‌ను పట్టుకోవడానికి చేయలేదు, సైకోసిస్‌లాగే కనిపించే వేరే జబ్బులు లేవని తేల్చుకోవడానికి చేశాం అని. బీ12 బాగా పడిపోయినా, థైరాయిడ్ తేడా చేసినా, మూర్ఛ మెదడులో కణతల వైపు నుంచి వస్తున్నా మనిషి ఇలాగే మాట్లాడొచ్చు. అవేవీ లేవని తేలడం నిజంగా మంచి కబురే. దాని అర్థం మాత్రం ‘జబ్బు లేదు’ అని కాదు.

వాటిలో ఒకటి మీరు తప్పకుండా తెలుసుకోవాలి. 2007లో జోసెప్ డాల్మౌ బృందం వివరించిన జబ్బు అది, యాంటీ ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడులో రసాయన కబుర్లు అందుకునే గ్రాహకాల (రిసెప్టర్ల) మీద దాడి చేస్తుంది. వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువ, కొందరిలో అండాశయంలో గడ్డ ఉంటుంది. మొదట అచ్చం పిచ్చి పట్టినట్టే ఉంటుంది. తర్వాత ఫిట్స్, నోరు, చేతులు వాటంతటవే కదలడం, మాట పడిపోవడం, బిగుసుకుపోవడం మొదలవుతాయి. దీనికి మాత్రం వెన్నులోంచి నీరు తీసి చేసే పరీక్ష ఉంది, వేరే వైద్యం ఉంది. మీ తమ్ముడికి జ్వరం, ఫిట్స్, వింత కదలికలు ఏవైనా ఉంటే ఇవాళే డాక్టరుకు చెప్పండి.

ఇక డోపమైన్ సంగతి. మెదడు కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే రసాయనాల్లో అదొకటి. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు సైకోసిస్‌కు పనిచేస్తుందని జీన్ డిలే, పియర్ డెనికర్ చూపించారు. ఎందుకు పనిచేస్తోందో అప్పుడు ఎవరికీ తెలియదు. 1963లో స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ ఎలుకల మీద ప్రయోగాలు చేసి, ఈ మందులు డోపమైన్ లాంటి రసాయనాలను అందుకునే గ్రాహకాలను మూసేస్తున్నాయని ప్రతిపాదించారు. డోపమైన్ మీద చేసిన కృషికి ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. 1970ల మధ్యకల్లా ఏ మందు డోపమైన్‌ను అందుకునే డీ2 అనే గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తక్కువ డోసు సరిపోతుందని తేలింది. అంటే మందు ముందు కనిపెట్టి, జబ్బు గురించి తర్వాత తెలుసుకున్నారు.

డోపమైన్ ఎక్కువైతే మనిషికి ఏమవుతుందో నాకు పుస్తకాల కన్నా చెల్లే బాగా అర్థం చేయించింది. పక్కింట్లో కుక్కర్ మూడు కూతలు వేస్తే అది తనకు ఎవరో చేస్తున్న సైగ అనేది. బస్టాపులో ఆగిన బండి నంబరులో తన పుట్టినతేదీ కనిపించేది. టీవీలో వార్తలు చదివే అమ్మాయి తనను చూసే నవ్విందని టీవీ మీద దుప్పటి కప్పేసింది. మామూలుగా మన మెదడు ‘ఇది పట్టించుకోదగ్గది’ అని గుర్తు పెట్టే పనిలో డోపమైన్‌కు పెద్ద పాత్ర ఉంది. అది సమయం సందర్భం లేకుండా విడుదలైతే పనికిరాని కూతకు, నంబరుకు కూడా ఆ గుర్తు పడిపోతుంది. అలా పడిన గుర్తులన్నింటికీ ఒక కారణం కావాలి కదా, మనసు ఒక కథ అల్లుకుంటుంది. షితిజ్ కపూర్ అనే సైకియాట్రిస్టు 2003లో ఈ సంగతినే సిద్ధాంతంగా రాశారు. చదివినప్పుడు మా ఇల్లే కళ్లముందు కనిపించింది. మందు వేసిన కొద్దిరోజులకే నిద్ర, కంగారు కుదుటపడినా ఆ నమ్మకాలు పోవడానికి వారాలు ఎందుకు పట్టిందో కూడా అప్పుడే తెలిసింది. మందు కొత్త గుర్తులు పడకుండా ఆపుతుంది. పాత కథ నెమ్మదిగా బలం కోల్పోవాలి.

మరి ఆ డోపమైన్‌ను కొలవలేరా? పెట్ స్కాన్‌తో కొలుస్తారు, పరిశోధనల్లో. రేడియోధార్మిక పదార్థం ఎక్కించి మెదడు లోపలి స్ట్రయేటమ్ అనే భాగంలో డోపమైన్ ఎంత తయారవుతోందో చూస్తారు. సైకోసిస్ ఉన్నవాళ్లలో సగటున ఎక్కువ ఉంటుంది. ‘సగటున’ అన్న మాట దగ్గరే అసలు చిక్కంతా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల అంకెలూ, జబ్బు ఉన్నవాళ్ల అంకెలూ చాలావరకు కలిసిపోతాయి. అందుకే షుగర్‌కు హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష ఉన్నట్టు ‘ఇంత దాటితే స్కిజోఫ్రీనియా’ (సైకోసిస్ లక్షణాలు ఎక్కువకాలం ఉండే జబ్బు) అనే గీత లేదు. మెదడు స్కాన్లదీ ఇదే కథ. 1976లోనే లండన్‌లో సీటీ స్కాన్లతో దీర్ఘకాలంగా జబ్బున్నవారి మెదడులో నీటి గదులు పెద్దవిగా ఉన్నాయని చూశారు. అది గుంపు మొత్తం మీద తెలిసే తేడా. ఒక కుర్రాడి ఎమ్మారై చూసి చెప్పగలిగింది కాదు.

ఇక రక్తంలో, మూత్రంలో డోపమైన్ చూస్తామనే వాళ్ల మీద నాకు కోపమే ఉంది. డోపమైన్ రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడను దాటదు. రక్తంలో ఉండేది ఒంట్లోని వేరే భాగాలు తయారుచేసినది. దాన్ని కొలిచి మెదడు గురించి ఏం చెబుతారు? భయంలో ఉన్న కుటుంబం ఎంతైనా ఖర్చు పెడుతుందని తెలిసే అమ్ముతున్నారు. ఈఈజీని కంప్యూటర్‌లో బొమ్మలుగా మార్చే బ్రెయిన్ మ్యాపింగ్ రంగుల బొమ్మలతో కూడా సైకోసిస్ నిర్ధారణ కాదు. మూర్ఛ అనుమానం ఉంటే డాక్టరు రాసే మామూలు ఈఈజీ వేరు, అది అవసరమే.

పైగా కథ డోపమైన్‌తోనే అయిపోదు. కెటమిన్ అనే మత్తుమందు, గ్లుటమేట్ అనే మరో మెదడు రసాయనాన్ని అందుకునే ఎన్ఎండీఏ గ్రాహకాలను అడ్డుకుంటుంది. ఆరోగ్యవంతులకు ఇచ్చినా కాసేపు సైకోసిస్ లాంటి స్థితి వస్తుంది. లండన్ పరిశోధకులు 2012లో చూసినదాని ప్రకారం, మామూలు మందులకు లొంగనివారిలో డోపమైన్ తయారీ దాదాపు మామూలుగానే ఉంది. అలాంటివారికి క్లోజపిన్ అనే మందు ఉంది, తెల్లకణాల లెక్క క్రమం తప్పకుండా చూసుకుంటూ వాడాలి. 2024లో అమెరికాలో ఆమోదం పొందిన కొత్త మందు డోపమైన్ గ్రాహకాల జోలికే నేరుగా పోదు, మస్కరినిక్ అనే వేరే రకం గ్రాహకాల ద్వారా పనిచేస్తుంది. ఇన్ని దారులున్న జబ్బును ఒక్క టెస్టు ఎలా పట్టుకుంటుంది?

నా దృష్టిలో మీరు నిజంగా పట్టుబట్టి చేయించాల్సిన పరీక్షలు వేరే ఉన్నాయి. బరువు, నడుము కొలత, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్. మందు మొదలైనప్పుడు ఎంతున్నాయో రాసి పెట్టుకోండి. ఒలాంజపిన్ లాంటి మందులతో బరువు త్వరగా పెరుగుతుంది, కుర్రవాళ్లు మందు మానేయడానికి అదొక కారణం. చెల్లికి రిస్పెరిడోన్ వేసినప్పుడు నెలసరి ఆగిపోయింది. అమ్మకు ఒకటే టెన్షన్. పాలకు సంబంధించిన ప్రోలాక్టిన్ హార్మోన్ పరీక్ష చేస్తే బాగా ఎక్కువగా ఉంది. దాన్ని తయారుచేసే పిట్యూటరీ గ్రంథి మీద డోపమైన్ అదుపు తగ్గడం వల్ల వచ్చిన తేడా అది. నెమ్మదిగా అరిపిప్రజోల్‌కు మార్చారు, సర్దుకుంది. మగపిల్లల్లో రొమ్ము దగ్గర వాపు, కోరికలు తగ్గడం ఉండొచ్చు. అక్కచెల్లెళ్ల ముందు చెప్పుకోరు, మీరు అన్నగా విడిగా అడగండి. గంజాయి సంగతి కూడా అలాగే, నిలదీయకుండా అడగండి. దానికి సమాధానం వైద్యాన్ని మారుస్తుంది.

డోసు గురించి మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పండి. డీ2 గ్రాహకాల్లో సుమారు 65 శాతం మూసుకుంటే మందు పనిచేయడం మొదలవుతుంది. 80 శాతం దగ్గరికొస్తే వణుకు, బిగుసుకుపోవడం మొదలవుతాయి. అందుకే మొదటిసారి వచ్చినవారికి తక్కువతో మొదలుపెడతారు. మొదటి ఎపిసోడ్ నుంచి కోలుకున్నవారిని గమనించి 1999లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మందు ఆపినవారికి తిరగబెట్టే ముప్పు దాదాపు 5 రెట్లు ఉంది. చెల్లి ఇవాళ మందు వేసుకుంటూనే ఉద్యోగానికి వెళ్తోంది.

డాక్టరు ఇప్పుడే ‘స్కిజోఫ్రీనియా’ అనకపోవడానికీ కారణం ఉంది. అమెరికా ప్రమాణాల ప్రకారం ఆ పేరు పెట్టాలంటే లక్షణాలు 6 నెలలైనా ఉండాలి. కాబట్టి నిద్ర, మాట, స్నానం, చదువు ఎలా ఉన్నాయో మీరు తేదీలతో రాసుకునే కాగితమే వచ్చే అపాయింట్‌మెంట్‌లో డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

మీకూ వస్తుందేమోనని మీ అమ్మగారు భయపడుతున్నారని రాశారు. జనాభాలో స్కిజోఫ్రీనియా జీవితకాలంలో 100 మందిలో ఇంచుమించు ఒకరికి వస్తుంది. అది ఉన్నవారి తోబుట్టువుల్లో 10 మందిలో ఒకరికి. అంటే ఎక్కువమందికి రాదు. ఒకేలాంటి కవలల్లో కూడా ఒకరికి ఉంటే రెండోవారికి సగం కేసుల్లో రాదు. దీనికి జన్యుపరీక్ష చేయించాల్సిన పనిలేదు.

ప్రైవేటులో ఖర్చు భరించలేకపోతే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వెళ్లండి. ఆ పేరు ఎత్తితే బంధువులు ఏమనుకుంటారో అని ఆగకండి, అక్కడ ఓపీ ఉంది, మందులు ఇస్తారు. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. చనిపొమ్మనీ, ఎవరినో కొట్టమనీ ఆ గొంతులు చెబుతున్నాయని మీ తమ్ముడు అంటే మాత్రం ఫోన్లతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.