గట్టు బాగానే ఉంది, గట్టు ముందు నేలే పోతోంది

ప్రశ్న: మాది కోనసీమలో గౌతమి ఒడ్డున ఊరండి. ఏటికీ ఏటిగట్టుకీ మధ్య మాకు కొబ్బరితోట ఉంది. 2022 జులై వరద పోటు మీద ఉన్నన్నాళ్లూ చెట్లు నిలబడే ఉన్నాయి, నీళ్లు తీశాక వారంలోపు రెండు వరసలు ఏట్లో పడిపోయాయి. పెద్ద వరద రాని ఏడు కూడా కొంచెం కొంచెం పోతోంది. ఇలా అయితే గట్టుకి ప్రమాదం కాదా? మా అబ్బాయి సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడు, దీనిమీదే ప్రాజెక్టు చేస్తానంటున్నాడు. ఏం కొలవమంటారు?

జవాబు: నీళ్లు తీశాక పడ్డాయన్నారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. వరద నాలుగైదు రోజులు నిలిస్తే ఒడ్డు మట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది. ఏరు నిండుగా ఉన్నంతసేపూ ఆ నీళ్లే బయటినుంచి ఒడ్డుకి ఆనికగా ఉంటాయి. మట్టం గబగబా దిగితే ఆనిక పోతుంది, మట్టిలో చేరిన నీళ్లు మాత్రం అంత తొందరగా బయటికి రాలేవు, లోపలినుంచి తోస్తూనే ఉంటాయి. ఇంక జారక ఏం చేస్తుంది?

మిగతా సగం అడుగున ఉంది. వేసవిలో ఏరు బాగా దిగినప్పుడు పడవలోంచి మీ ఒడ్డుని ఎదురుగా చూడండి. మన డెల్టా ఒడ్లు చాలాచోట్ల పొరలు పొరలుగా ఉంటాయి, పైన జిగురు ఒండ్రు, కింద ఇసుక. ఇసుకకి పట్టుండదు కాబట్టి మామూలు రోజుల పారుదలే దాన్ని కొద్దికొద్దిగా లాగేస్తుంది, పైపొర ఇంటి చూరులా వేలాడి వేలాడి ఓ రోజు చెట్టుతో సహా ఊడి పడుతుంది. వరద రాని ఏడు కూడా పోయేది ఇందుకే. ఏరు వంపు తిరిగేచోట బయటివైపు ఒడ్డయితే ప్రవాహం ఒరుసుకునేదీ, లోతు ఉండేదీ అక్కడే. దానికితోడు ఒడ్డు దగ్గర ఇసుక తవ్వితే ఏటి అడుగు ఇంకా దిగిపోతుంది, ఒడ్డు ఎత్తు పెరిగినట్టే లెక్క.

గట్టు సంగతి. గట్టు అనగానే అందరూ ఎత్తే చూస్తారు, 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వచ్చిన 35 లక్షల క్యూసెక్కులే తలుచుకుంటారు. కానీ 2006లో అంత నీరు రాకుండానే అయినవిల్లి మండలం శానపల్లిలంక దగ్గర గండి పడింది కదా. మీ తోట ఉన్న నేల గట్టుకి ముందు కాపలా లాంటిది. అది పోతే ఏరు నేరుగా గట్టు పాదాన్నే కోస్తుంది. కంటికి కనపడని చిక్కు ఇంకొకటుంది, గట్టు కింది ఇసుక పొరలోంచి నీళ్లు ఊరివైపు ఊరే దారి పొట్టిదవుతుంది. వరదప్పుడు గట్టుకి ఊరివైపు ఊట కనిపిస్తే రంగు చూడండి. తేటగా వస్తే కనిపెట్టుకుని ఉండాలి, మట్టి కలిసి వస్తే మాత్రం టెన్షన్ పడాల్సిందే, వెంటనే గట్టు అధికారులకి చెప్పాలి.

అబ్బాయికి చెప్పండి, ఖరీదైన పరికరాల కోసం ఆగొద్దని. గట్టు మీద కదలని గుర్తులు నాలుగైదు పెట్టుకుని అక్కణ్ణించి ఒడ్డు అంచుదాకా టేపుతో కొలవాలి, వరదకి ముందోసారి, నీళ్లు తీశాక ఓసారి, సంక్రాంతికోసారి. మీటరు పొడుగు ఇనప చువ్వలు ఒడ్డు ముఖంలోకి అడ్డంగా దిగ్గొట్టి, ఎంత బయటపడిందో రాసుకుంటే ఎంత కోసిందో తెలుస్తుంది. పాత ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టుకుంటే గడిచిన ఇరవయ్యేళ్ల కోతా దొరుకుతుంది. నా లెక్కన వీటన్నిటికన్నా ముఖ్యం, అందరూ వదిలేసేది, ఒడ్డు మొదట్లో నీటి లోతు. తాడుకి బరువు కట్టి పడవలోంచి దించితే చాలు. మట్టి సంగతికి ముందు రెండు గాజు గ్లాసులు తెచ్చుకోమనండి. పైపొర గడ్డ ఒకటి, కిందిపొర గడ్డ ఒకటి, ఎండబెట్టకుండా నీళ్లలో వెయ్యాలి. ఇసుక గడ్డ చెయ్యి తీసేలోపే కూలిపోతుంది, జిగురు గడ్డ మీరు టీ తాగొచ్చేదాకా అలాగే ఉంటుంది. ఆ తేడాని అంకెల్లో పెట్టడానికే కాలేజీ ల్యాబు, అక్కడ మట్టి మీదికి నీటిధార కొట్టి ఎంత ధాటికి రేణువులు లేస్తాయో చూస్తారు.

అంచున పొడుగ్గా నెర్రె కనిపిస్తే దానికి ఏటివైపు మాత్రం అడుగు పెట్టొద్దనండి. కొలతలు తర్వాత.

ప్రశ్న: ఒడ్డుకి వట్టివేరు వేస్తే కోత ఆగుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: పైపొరకి నిజమే. వేళ్లు మూడు మీటర్లదాకా దిగి మట్టిని పట్టుకుంటాయి, వాన కోత తగ్గుతుంది. కానీ మీ ఒడ్డు అయిదారు మీటర్ల ఎత్తుండి కోత నీటి అడుగున జరుగుతుంటే, వేళ్లతో సహా పడిపోతుంది. అక్కడ ముందు అడుగున రాయి పడాలి, ఆ తర్వాతే గడ్డి. గ్రోయిన్లు, అంటే ఒడ్డునుంచి ఏట్లోకి అడ్డంగా వేసే కట్టలు, కడితే ప్రవాహం ఒడ్డునుంచి పక్కకి మళ్లుతుంది, అయితే లెక్క చూసుకోకుండా కడితే అది పోయి ఎదుటి లంకని కోస్తుంది, అప్పుడు వాళ్లు రాస్తారు మాకు ఉత్తరం.