వేసవి తరువాత వచ్చేది శరత్తా, శిశిరమా?

సందేహం: నాలుగు ఋతువులే ఉన్న దేశాల గురించి రాస్తూ “వేసవి ముగియనున్నది; శిశిరం కోసం ముందుకు చూస్తున్నాను” అని ఒక వాక్యం రాశాను. చదివిన మిత్రులలో ఒకరు శిశిరం కాదు, శరదృతువు అనాలన్నారు. మరొకరు, వేసవి తరువాత వచ్చేది వర్షర్తువు గనుక శరత్తు అన్నా తప్పే, ఆకురాలు కాలం అనడమే మేలు అన్నారు. ఏది సాధువు? వాక్యంలో ఇంకేమైనా దోషం ఉన్నదా?

సమాధానం: మొదటి మిత్రుని మాట సరైనది. రెండవ మిత్రుని ఆక్షేపణలో పస లేకపోలేదు గాని, ఆరు ఋతువుల లెక్క నాలుగు ఋతువుల దేశానికి ఎక్కడా అచ్చంగా అతకదు. వసంతమంటే మనకు చైత్ర వైశాఖాలు, అంటే ఎండలు ముదిరే నెలలు. అయినా ఆ దేశాలలో మంచు కరిగి పూలు పూచే కాలాన్ని వసంతమనడానికి ఎవరూ సందేహించడం లేదు. పోలికలో ముఖ్యాంశం కుదిరితే పేరు చెల్లుతుంది.

శరత్తు విషయంలో ఆ కుదురు వసంతం కన్నా ఎక్కువగానే ఉన్నది. మన శరత్తు ఆశ్వయుజ కార్తికాలు. ఏటేటా కొంత తేడాతో అవి సెప్టెంబరు, అక్టోబరుల నడుమ మొదలై నవంబరు, డిసెంబరుల నడుమ ముగుస్తాయి. ఉత్తరార్ధగోళంలోని సమశీతోష్ణ దేశాలలో వేసవికీ చలికాలానికీ మధ్య ఋతువుగా లెక్కించేది కూడా సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలనే. సెప్టెంబరు 22 లేదా 23 తేదీన పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే ఘడియను మన ఖగోళ గ్రంథాలు శరద్విషువత్తు అంటున్నాయి గనుక, శాస్త్రవ్యవహారంలోనూ ఈ పేరు స్థిరపడినట్లే.

ఇక శిశిరం. ఆకులు రాలడమనగానే మన మనసు శిశిరం మీదికి పోవడం సహజమే. కవులు మోడుబారిన కొమ్మలను ఆ ఋతువులోనే చూపించారు. కాని శిశిరం మాఘ ఫాల్గుణాలు, ఏడాదిలో చిట్టచివరి ఋతువు. దాని వెనువెంటనే వసంతం వస్తుంది. శిశిరమనే మాట తెలుగు పాఠకుని మనసులో రాలిన ఆకుతో పాటు రాబోయే చిగురును కూడా తెస్తుంది. మీరు చెప్పదలచిన ఋతువు వెనుక వచ్చేది చిగురు కాదు, మంచు. ఇప్పుడు శిశిరమని రాస్తే, రెండు పుటల తరువాత “శిశిరం వెళ్లి చలికాలం వచ్చింది” అని రాయవలసివచ్చినప్పుడు కథ వెనక్కి నడిచినట్లుంటుంది. అనువాదాలలో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తున్నది గనుక ఇంత విస్తరించి చెప్పవలసి వచ్చింది.

ఆకురాలు కాలం నాకు ఇష్టమైన మాటే. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అనే మూడింటితోనే సరిపెట్టుకొన్న వాడుక భాషకు నాలుగవదిగా చక్కగా ఇమిడింది. ఇందులో ‘రాలు’ అనేది తద్ధర్మార్థక విశేషణం. ఏటేటా జరిగే స్వభావాన్ని చెబుతుంది. అందుచేత ఋతువు పేరుగా ‘ఆకురాలు కాలం’ లేదా ‘ఆకురాలే కాలం’ అనాలి గాని, ‘ఆకులు రాలుతున్న కాలం’ అంటే అది ఆ సమయంలో కంటికి కనబడుతున్న దృశ్యమవుతుంది, పేరు కాదు. ‘ఆకురాల్చు’ అనే రూపాన్ని చెట్లకూ అడవులకూ ఉంచడం మంచిది. రాల్చేది చెట్టు, రాలేది ఆకు. అయితే మీరు ఎదురుచూస్తున్నది రంగు మారి రాలే ఆకుల కోసమైతే ఈ మాట వాడండి. వేడి తగ్గడం, గాలి చల్లబడడం, ఆకాశం నిర్మలం కావడం మీరు కోరుకొనేదైతే, ఆ కోరికకు ‘రాలు’ అనే క్రియ అడ్డు తగులుతుంది. అక్కడ శరత్తే తగినది.

ఎందుకంటే శరత్తు మన సాహిత్యంలో మొదటి నుంచీ తేటదనానికి పేరు. అరణ్యపర్వంలో నన్నయ చివరి పద్యంగా ప్రసిద్ధికెక్కినది శారదరాత్రుల వర్ణనే. అందులో నక్షత్రాలున్నాయి, విచ్చిన తెల్లకలువల పరిమళంతో వీచే గాలి ఉన్నది, కర్పూరపు పొడి చల్లినట్టున్న వెన్నెల ఉన్నది. రాలిన ఆకు ఒక్కటీ లేదు. సంస్కృతంలో శరత్ శబ్దానికి సంవత్సరమనే అర్థం కూడా ఉన్నది. “జీవేమ శరదశ్శతమ్” అన్న వేదవాక్యం నూరేళ్ల ఆయుష్షును నూరు శరత్తులుగా కోరుతుంది. ఎదురుచూడదగిన ఋతువు అన్న భావం ఆ మాటలో అంత పాతది.

రూపం విషయంలో మాత్రం కొంత జాగ్రత్త అవసరం. శరత్ శబ్దానికి ఋతువు చేరితే శరదృతువు, కాలం చేరితే శరత్కాలం, చంద్రుడు చేరితే శరచ్చంద్రుడు, మేఘం చేరితే శరన్మేఘం, రాత్రి చేరితే శరద్రాత్రి. తరువాత వచ్చే వర్ణాన్ని బట్టి తకారం మారడమే దీనికి కారణం. ‘శరద్కాలం’ అసాధువు. ‘శరత్కాల ఋతువు’ అనడం పునరుక్తి. విడిగా వాడినప్పుడు విద్యుత్తు వలెనే శరత్తు.

మీ వాక్యంలో శిశిరం కన్నా నన్ను ఎక్కువగా బాధించినది ‘ముందుకు చూస్తున్నాను’ అన్న ప్రయోగం. అది ఇంగ్లీషు పలుకుబడికి మాటకు మాట. తెలుగులో వచ్చేదాని కోసం ఎదురు చూస్తాం. వచ్చేది మనకు ఎదురుగా వస్తుంది గనుక చూపు దాని దారిలో ఉంటుంది. ఈ క్రియకు ‘కు’, ‘కోసం’, ‘కై’ చేరుతాయి: శరత్తు కోసం ఎదురుచూస్తున్నాను, శరత్తు రాకకై ఎదురుచూస్తున్నాను. ‘శరత్తును ఎదురుచూస్తున్నాను’ కుదరదు.

‘ముగియనున్నది’ తప్పు కాదు గాని, ఏర్పాటు ప్రకారం జరిగే సభలకూ పరీక్షలకూ నప్పినంతగా ఋతువుకు నప్పదు. మెల్లమెల్లగా చివరికి చేరే వాటికి మనకు ‘వచ్చు’ అనే సహాయక క్రియ ఉన్నది: తెల్లవారవచ్చింది, పని పూర్తికావస్తోంది. అదే తీరున “వేసవి ముగియవస్తోంది, శరత్తు ఎప్పుడెప్పుడు వస్తుందా అని ఉన్నది” అని రాసి చూడండి. ఇందులో ఎదురుచూచు అన్న క్రియ కూడా అక్కరలేదు; ‘ఎప్పుడెప్పుడు’ అన్న ఆమ్రేడితమే ఆ ఆత్రాన్ని మోస్తుంది.

మీ రచన దక్షిణార్ధగోళపు దేశాన్ని గురించినదైతే అక్కడ ఈ ఋతువు మార్చి నుంచి మే వరకు ఉంటుంది. అప్పుడు శరత్తు అని ఊరుకోక, మొదటిసారి వాడినచోట నెలల పేర్లు కూడా చేర్చండి. లేకుంటే పాఠకుడు ఆశ్వయుజ కార్తికాలనే తలచుకొంటాడు.